దుబాయ్ నుంచి ఫిష్ ఫైండర్ తెప్పిస్తున్నారా?

జువ్వలదిన్నె, మైపాడు, కొత్తపట్నం వైపు చాలా ఇళ్లలో గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లు సెలవుకు వచ్చేటప్పుడు ఫిష్ ఫైండరో (నీటిలోకి శబ్దం పంపి లోతు, చేపల గుంపులు చూపించే పరికరం), జీపీఎస్సో తెమ్మంటే ఇక్కడికన్నా చవగ్గా రావచ్చు. కాకపోతే పెట్టె మీద ధర ఒక్కటే చూడకండి. ట్రాన్స్‌డ్యూసర్, అంటే నీటిలోకి శబ్దం పంపి తిరిగి అందుకునే భాగం, అందులోనే ఉందా అని ముందు అడగండి. కొన్ని మోడళ్లకు అది విడిగా కొనాలి, అది లేకుండా ఫిష్ ఫైండర్ లోతు చూపించదు. ఆ శబ్దం ఫ్రీక్వెన్సీ లోతు నీళ్లకు 50 కిలోహెర్ట్జ్, ఒడ్డు దగ్గరకు 200 కిలోహెర్ట్జ్ నప్పుతాయి, రెండూ ఉన్నది మేలు. బోటు బ్యాటరీ 12 వోల్టులా, 24 వోల్టులా అన్నదీ చెప్పి పంపాలి. సెట్‌లో వచ్చే మ్యాపు అమెరికాదో, యూరప్‌దో అయితే మన తీరం దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. మళ్లీ మన తీరం చార్టు (సముద్రపు మ్యాపు) కొనుక్కోవాలి. వారంటీ కూడా చాలా కంపెనీలు కొన్న ప్రాంతంలోనే ఇస్తాయి. కస్టమ్స్ ఫ్రీ పరిమితి దాటితే డ్యూటీ ఉంటుంది, బిల్లు పారేయొద్దని చెప్పండి.

శాటిలైట్ ఫోను మాత్రం ఎంత చవకైనా వద్దు. శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే చిన్న జీపీఎస్ పరికరాలూ అంతే. అనుమతి లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు, పాపం తెచ్చినవాడి మీద కేసు. బోట్ల మధ్య మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో సెట్టుకూ మన దేశంలో వైర్‌లెస్ లైసెన్సు కావాలి, కాబట్టి అది ఇక్కడే కొనడం నయం. ఆపద సందేశాలకైతే ప్రభుత్వం మత్స్యసంపద యోజన కింద బోట్లకు ట్రాన్స్‌పాండర్లు (శాటిలైట్ ద్వారా సందేశాలు పంపే, అందుకునే పరికరాలు) ఉచితంగా బిగిస్తోంది, మీ మత్స్యశాఖ ఆఫీసులో అడగండి.