కత్తి పిడి తయారీ – మూడవ పాఠం: సింథటిక్ బద్దల ఎంపిక

గత పాఠంలో మడవని కత్తికి పిడి లోపల ఉండే ఉక్కు భాగాన్ని, అంటే తోకను, పిడి చివరి వరకూ సాగేలా కోసి, ఉక్కును గట్టిపరచడానికి ముందే రివెట్లకు రంధ్రాలు వేసుకున్నాము. ఇప్పుడు ఆ తోకకు ఇరువైపులా బిగించే బద్దలను ఎంచుకోవాలి.

చెక్క పిడి పాడవడానికి అసలు కారణం అరుగుదల కాదు. తడిసినప్పుడు చెక్క ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది. ఇలా కొన్ని నెలలు జరిగేసరికి తోకకూ చెక్కకూ మధ్య వెంట్రుకవాసి సందు ఏర్పడి, అందులోకి దిగిన నీరు బయటికి రాక, కంటికి కనిపించని చోట తుప్పు మొదలవుతుంది. అందువల్ల సింథటిక్ బద్దను ఎంచుకునేటప్పుడు రంగు కన్నా, మెరుపు కన్నా ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: తడికి దీని కొలత మారుతుందా? దీనికి జిగురు పడుతుందా?

రెండవ ప్రశ్నను నేను చాలాకాలం పట్టించుకోలేదు. వంటింటి తెల్లటి ప్లాస్టిక్ కోతపలకను ముక్కలు చేసి, ఎపాక్సీ జిగురుతో ఒక కత్తికి అతికించాను. పది రోజులకు బద్ద ఊడి చేతిలోకి వచ్చింది. జిగురంతా ఉక్కు మీదే అద్దంలా నున్నగా మిగిలింది, ప్లాస్టిక్‌కు ఒక్క చుక్క కూడా అంటలేదు. పాలిథిలీన్, పాలీప్రొపిలీన్, అసిటాల్ ఈ కోవకు చెందినవే. కర్మాగారాలు పాలీప్రొపిలీన్‌ను కరిగించి తోక చుట్టూ అచ్చు పోస్తాయి కనుక అక్కడ జిగురుతో పని లేదు. ఇంట్లో పని చేసే మనం వాటిని వదిలేయడమే మంచిది.

మనకు పనికొచ్చేవి పొరల పలకలు. రసాయన శాస్త్రవేత్త లియో బేక్‌లండ్ 1907లో బేకలైట్ అనే రెసిన్‌ను, అంటే వేడికి గట్టిపడే జిగట పదార్థాన్ని, తయారుచేసిన కొద్ది సంవత్సరాలకే, అమెరికాలో వెస్టింగ్‌హౌస్ సంస్థ ఆ జాతి రెసిన్‌లో గుడ్డనూ కాగితాన్నీ ముంచి, వేడితో, ఒత్తిడితో పలకలుగా నొక్కి మైకార్టా అని పేరు పెట్టింది. మన ఎలక్ట్రీషియన్లు హైలం షీటు అనేది ఈ కుటుంబానిదే. దుకాణంలో కాగితపు పొరలది కాకుండా గుడ్డ పొరలది అడగండి. కోసిన అంచును వెలుతురుకు పట్టి చూస్తే నేత దారాలు సన్నని గీతలుగా కనిపించాలి. ఇదే పద్ధతిలో గాజునారకు ఎపాక్సీ పట్టించి చేసినది జీ-10. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులకు వాడే పలక దీనికి దగ్గరి చుట్టం.

ఈ రెండింటిలో జీ-10 నీటిని దాదాపు పీల్చదు, గట్టిదనంలోనూ దానిదే పైచేయి. ఉప్పునీటిలో, చేపల పనిలో వాడే కత్తికి దానినే ఎంచుకోండి. అయితే నున్నగా మెరుగు పెడితే తడిచేతిలో జారుతుంది కనుక, పైన గరుకు గీతలు తప్పనిసరి. గుడ్డ మైకార్టా కాస్త తడిని పీలుస్తుంది, కానీ పైపైన రెసిన్ అరిగి నూలు పోగులు తేలడం వల్ల తడిసినప్పుడే పట్టు పెరుగుతుంది. తోటపనికీ, ఇంటిపనికీ నా ఓటు దీనికే. 220 నంబరు ఎమెరీ కాగితంతో ఆపేయండి, ఇంకా నునుపు చేస్తే ఆ గుణం పోతుంది.

బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. 120 మి.మీ. పొడవు, 30 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. మందం ఉన్న రెండు బద్దలు, చెక్కకముందు, మైకార్టా అయితే సుమారు 78 గ్రాములు, జీ-10 అయితే సుమారు 104 గ్రాములు తూగుతాయి. పలుచని చిన్న అలుగుకు ఆ 26 గ్రాముల తేడా వల్ల బరువంతా అరచేతిలోకి జారుతుంది.

ఒక్క హెచ్చరిక: గాజునార పొడి చర్మాన్ని దురద పెడుతుంది, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఎన్-95కు తక్కువ కాని మాస్కు పెట్టుకొని, నీళ్లు చల్లుతూ చేత్తోనే రుద్దండి. మైకార్టా పొడి విషయంలోనూ ఇదే జాగ్రత్త.

అభ్యాసం: రెండు రకాల నుంచీ బొటనవేలంత ముక్కలు రెండేసి కోయండి. ఒక జతను నగల తూకంలో తూచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తుడిచి మళ్లీ తూచండి. రెండవ జతను 80 నంబరు కాగితంతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, ఉక్కు పట్టీకి ఎపాక్సీతో అతికించి 24 గంటలు ఆగండి. ఆ తర్వాత ఉలితో అంచున కొట్టి ఊడదీసి, జిగురు ఉక్కు వైపు మిగిలిందో, ముక్క వైపు మిగిలిందో పుస్తకంలో రాసుకోండి. వచ్చే పాఠంలో బద్దలకు రంధ్రాలు వేసేటప్పుడు ఆ రాత అవసరమవుతుంది.