జపాన్‌లో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం: సంతకం పెట్టే ముందు

రెండు మూడు ఆఫర్లు ఉంటే జీతం ఒక్కటే చూసి తేల్చుకోకండి.

• జీతం ఇచ్చేది ఎవరు? విదేశీయులను టీచర్లుగా రప్పించే జపాన్ ప్రభుత్వ పథకం, 1987లో మొదలైన జెట్ ప్రోగ్రామ్‌లో స్థానిక ప్రభుత్వ సంస్థలు ఇస్తాయి. విమాన ఖర్చులూ భరిస్తాయి, కానీ ఏ ఊరు వస్తుందో మన చేతిలో ఉండదు. బడులకు టీచర్లను పంపే డిస్పాచ్ కంపెనీలో చేరితే పాఠం బడిలో, జీతం కంపెనీ దగ్గర. ఎయికైవా అంటే ప్రైవేటు ఇంగ్లిష్ సెంటర్లు. అక్కడ సాయంత్రాలు, శని ఆదివారాలే ఎక్కువ పని.

• పని వారానికి 29.5 గంటలని రాశారా? బీమా బాధ్యత తప్పించుకోవడానికి కొన్ని కంపెనీలు అలా రాసేవి. షకై హోకెన్ (ఆరోగ్య బీమా, పెన్షన్) ఇస్తారో లేదో రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ఆ చందా అంతా మీరే కట్టుకోవాలి.

• బడి సెలవుల్లో, ముఖ్యంగా ఆగస్టులో, జీతం కోస్తారా?

• ఇల్లు కూడా కంపెనీదేనా? 2007లో నోవా అనే పెద్ద ఎయికైవా సంస్థ దివాలా తీసినప్పుడు వేలమంది టీచర్లకు జీతాలు ఆగాయి, కొందరికి ఉన్న ఇల్లూ పోయే పరిస్థితి వచ్చింది. వీలైతే అద్దె ఒప్పందం మీ పేరు మీదే ఉంచుకోండి.

• మధ్యలో మానేస్తే ఇంత కట్టాలని రాసి ఉందా? జపాన్ కార్మిక ప్రమాణాల చట్టం 16వ సెక్షన్ దాన్ని నిషేధిస్తుంది. అలాంటి కంపెనీని వదిలేయండి.

• డిగ్రీతో పాటు 12 ఏళ్ల ఇంగ్లిష్ మీడియం చదువుకు రుజువు చాలామంది అడుగుతారు. మీ స్కూలు, కాలేజీల నుంచి ఆ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండి.