కీబోర్డ్‌లో స్వరం రెండేసిసార్లు మోగుతోందా?
సొంత సౌండ్లున్న కీబోర్డ్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి వాయిస్తే, ఒక్కోసారి ప్రతి స్వరమూ రెండుసార్లు వినిపించి చిరాకు పెడుతుంది. కేబుల్ మార్చినా పోదు. ఎందుకంటే కీబోర్డ్, కంప్యూటర్ సమాచారం పంపుకునే పద్ధతైన మిడిలో వెళ్లేది శబ్దం కాదు. ఏ మీట నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారం మాత్రమే. దాన్ని అందుకుని సాఫ్ట్‌వేర్ కాస్త ఆలస్యంగా మోగిస్తుంది, ఈలోపు కీబోర్డ్ తన సౌండ్ తాను మోగించేస్తుంది.

కీబోర్డ్ మెనూలో మిడి సెట్టింగ్స్ తెరిచి 'లోకల్ కంట్రోల్' (మీట నొక్కగానే కీబోర్డ్ తన సౌండ్ తానే మోగించే సెట్టింగ్) ఆఫ్ చేయండి. అక్కడ కనబడకపోతే, కీబోర్డ్ ఉన్న మిడి ఛానెల్‌లోనే సాఫ్ట్‌వేర్ నుంచి కంట్రోల్ (సీసీ అనే మిడి ఆదేశం) నంబర్ 122, విలువ 0 పంపి చూడండి. మళ్లీ ఆన్ కావాలంటే విలువ 127. ఆఫ్‌లో ఉన్నంతసేపూ కంప్యూటర్ లేకుండా వాయిస్తే కీబోర్డ్ పలకదు, చెడిపోయిందేమోనని టెన్షన్ పడకండి.

సొంత సౌండ్ లేని కంట్రోలర్‌కి మాత్రం ఈ చిట్కా పనికిరాదు. అక్కడ సాఫ్ట్‌వేర్‌లో రెండు ట్రాకులకి రికార్డ్ బటన్ నొక్కి ఉందేమో చూడాలి.