బరంపురం నుంచి విదేశాలకు చీరలు, కుట్టిన బట్టలు పోస్టులో పంపాలంటే: దరఖాస్తు నుంచి కస్టమ్స్ తనిఖీ దాకా

బరంపురంలో పట్టు నేసే తెలుగు ఇళ్ల నుంచి, పర్లాఖిముండి, రాయగడ వైపు బ్లౌజులు, పిల్లల గౌన్లు కుట్టే ఆడవాళ్ల నుంచి ఎక్కువగా వినే మాట ఒకటే: "అమెరికా నుంచి ఆర్డర్ వచ్చింది, కానీ కస్టమ్స్ అంటే టెన్షన్." ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పెట్టెలో ఏముందో కాగితం మీద అదే ఉంటే, తనిఖీ చేసే మనిషి పెట్టె విప్పినా అనుమానం లేకుండా మళ్లీ మూసేస్తాడు.

ముందు ఐఈసీ తీసుకోవాలి. అమ్మకానికి సరుకు ఎగుమతి చేసేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య సంస్థ డీజీఎఫ్‌టీ ఇచ్చే నంబరు ఇది, ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేయాలి, ఫీజు 500 రూపాయలు. పాన్, ఆధార్‌కు కలిపిన మొబైల్, చిరునామా రుజువు, పేరు అచ్చయిన క్యాన్సిల్ చెక్కు దగ్గర పెట్టుకుని కూర్చోండి. పాన్‌లో పేరు ఒకలా, బ్యాంకు ఖాతాలో ఇంకోలా ఉంటే (మన ఇంటిపేర్లు ఒడియా నుంచి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు స్పెల్లింగ్ మారిపోవడం మామూలే) ముందు అది సరిచేయించుకోండి, లేకపోతే అక్కడే ఆగిపోతారు. తర్వాత మీ బ్యాంకును ఏడీ కోడ్ అడగండి. విదేశీ మారకం చూసే శాఖ ఇచ్చే 14 అంకెల కోడ్ అది, చిన్న బ్రాంచిలో తెలియదంటే పెద్ద బ్రాంచికి వెళ్లాలి. జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లు పన్ను కట్టకుండా పంపడానికి ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ (హామీ పత్రం) వేయాలి, అది ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది.

ఇవి చేతికొచ్చాక డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం, అంటే పోస్టాఫీసులోని ఎగుమతి కేంద్రం. దేశంలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి, మీకు దగ్గరది ఏదో హెడ్ పోస్టాఫీసులో అడిగితే చెబుతారు. దాని పోర్టల్‌లో ఎగుమతిదారుగా నమోదై, పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ (పెట్టెలో ఏముందో కస్టమ్స్‌కు చెప్పే బిల్లు) ఆన్‌లైన్‌లోనే నింపి, లేబుల్ ప్రింట్ తీసి పార్సెల్ అప్పగించాలి. 2022 నిబంధనలు వచ్చాక ఈ బిల్లు కోసం కస్టమ్స్ తనిఖీ జరిగే ఫారిన్ పోస్టాఫీసు దాకా పోయే పని లేదు. కస్టమ్స్ వాళ్లు అక్కడ తమ కంప్యూటర్లో బిల్లు చూస్తారు, పార్సెల్ ఎక్స్‌రేలో వెళ్తుంది, సందేహం వస్తేనే విప్పుతారు.

ఆ సందేహం ఎక్కడ పుడుతుందో నాకు అనుభవం మీద తెలిసింది. నా మొదటి పెట్టెలో నాలుగు చీరలు, మూడు కుట్టిన బ్లౌజులు పెట్టి, బిల్లులో మాత్రం "చీరలు" అని ఒకే వరస రాశాను. పెట్టె ఆగిపోయింది, పెళ్లి ముహూర్తం దాటాక చేరింది, ఆర్డరిచ్చిన అమ్మాయికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియలేదు.

చీర కుట్టనిది కాబట్టి కస్టమ్స్ లెక్కలో అది నేత గుడ్డ. బిల్లులో ప్రతి సరుకుకూ దాని రకం చెప్పే కోడ్ రాయాలి; పట్టుచీర కోడ్ 50072010. ఆడవాళ్ల కుట్టిన బ్లౌజు 6206 కిందికి, మగవాళ్ల చొక్కా 6205 కిందికి, అల్లిక గుడ్డతో చేసిన టీషర్టు 6109 కిందికి వస్తాయి. మొత్తంగా అల్లిక బట్టలు 61వ అధ్యాయం, మగ్గం గుడ్డతో కుట్టినవి 62. రకానికి ఒక వరస రాయండి: ఎన్ని, బరువెంత, ధరెంత, ఏ దారం (పట్టా, పత్తా, పాలియెస్టరా). "క్లోత్స్" అని ఒక్క మాట రాస్తే చాలదు. "వుమెన్స్ సిల్క్ సారీ, హ్యాండ్‌లూమ్, అన్‌స్టిచ్డ్" అని రాయాలి. జరీ పాలియెస్టర్‌దైతే అలాగే రాయండి, నూరు శాతం పట్టు అని రాయకండి. మన బరంపురం పట్టు ఫోడా కుంభ చీరకు జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక గుర్తింపు) ఉంది, ఆ పేరుతో మరమగ్గం చీర పంపితే నష్టం ఊరందరికీ.

అమ్మిన సరుకు మీద "గిఫ్ట్" అని రాయకండి, ధర తగ్గించి చూపకండి. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సెళ్లకున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి పోయింది, కాబట్టి బుక్ చేసేటప్పుడే సుంకం ఎవరు కడతారో, ఎంతవుతుందో అడిగి కొన్నవాళ్లకు ముందే చెప్పండి. అక్కడ అమ్మే బట్టకు ఏ దారం ఎంత శాతమో, తయారైన దేశం చూపే లేబుల్ కూడా ఉండాలి.

ఇక పెట్టె సర్దడం. అలవాటుగా పట్టులో వేసే కలరా ఉండలు ఒక్కటి కూడా ఉండకూడదు, అవి మండే పదార్థం, పోస్టులో నిషేధం. అత్తరు సీసా కూడా అంతే. వేపాకు, పసుపుకొమ్ము, కొబ్బరికాయ లాంటివి శుభానికని పెట్టకండి, మొక్కల సంబంధమైనవి కనపడితే అక్కడ ఇంకో తనిఖీ మొదలవుతుంది. మడతలకు గుచ్చిన గుండుసూదులు తీసేయండి, తుప్పు మరక పడిన పట్టును మళ్లీ ఎవరూ బాగుచేయలేరు. మన సముద్రపు తేమకు సిలికా జెల్ పొట్లాలు రెండు చాలు. బిల్లులో ఉన్న వరసలోనే పేర్చి, పైన ఇన్వాయిస్ కాపీ పెట్టి, మూసేముందు ఫోటో తీసుకోండి.

పంపాక పోర్టల్ రోజూ చూడండి, కస్టమ్స్ అడిగినదానికి మీరు జవాబిచ్చేదాకా పెట్టె కదలదు. ఐఈసీ వివరాలు మారినా మారకపోయినా ప్రతి ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు వెబ్‌సైట్‌లోకి వెళ్లి ధ్రువీకరించాలి. మరిచిపోతే నంబరు పనిచేయదు, దసరా ఆర్డర్లు వచ్చే వేళకు చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది.