పొగ తప్ప ముక్క తెగని రంపం

వర్దా తుపానుకు (2016 డిసెంబర్ 12) చెన్నై అంబత్తూరులో మా పెరటి వేపచెట్టు సగం విరిగి పడింది. నీళ్ల కాగుకు కట్టెలవుతాయని కొమ్మలన్నీ దాచాం. లావుపాటివి గొడ్డలికి లొంగలేదు. దాంతో చిన్న చైన్ సా (గొలుసు రంపం) కొన్నాను.

పెట్రోలుదైతే టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలి, పైగా మోత. పెరట్లో ప్లగ్గు ఉంది కాబట్టి కరెంటుదే తీసుకున్నాను, 12 అంగుళాల బార్‌తో (గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ). మా కొమ్మలు ఎనిమిది అంగుళాలు దాటవు.

మొదటిరోజే పరువు పోయింది. కొమ్మ మీద ఆనించగానే పొగ వచ్చింది, గాటు మాత్రం పడలేదు. మోటారు నాసిరకమని దుకాణదారును తిట్టుకున్నాను. పాపం, తప్పు నాదే. గొలుసు తిరగేసి ఎక్కించాను! బార్ పైఅంచున పళ్ల పదును ముక్కు వైపు, అంటే బార్ చివరి కొన వైపు చూడాలి.

సరిచేశాక తెగింది కానీ బార్ వేడెక్కింది. ప్లగ్గు తీసి, బార్ విప్పి చూస్తే గొలుసుకు నూనె అందించే రంధ్రంలో పొట్టు గట్టిగా కూరుకుపోయి ఉంది. సన్నని తీగతో పొడిచి తీశాను. మళ్లీ బిగించేటప్పుడు బార్ ముక్కును పైకెత్తి పట్టుకోవాలి. గొలుసు కింద వేలాడకూడదు, గ్లౌజు వేసుకున్న చేత్తో లాగితే తిరగాలి. తర్వాత అట్టముక్క ఎదుట రంపం నడిపితే సన్నని నూనెచార పడింది.

కొత్త గొలుసు సాగుతుంది, మొదటి గంటలో రెండుసార్లు బిగించాను. పొట్టు పిండిలా రాలితే పదును పోయినట్టే. బార్ ముక్కు పైభాగం మాత్రం కట్టెకు తగలనివ్వను, రంపం ఎగిరి ముఖం మీదికి వస్తుంది.