'ఎలా చేయాలో' పిల్లలు రాస్తే మార్కులు ఎలా వేయాలి

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు 'ఫలానా పని ఎలా చేయాలో రాయండి' అని ఇవ్వడం సులువే, నలభై నోట్‌బుక్కులు ముందేసుకుని కూర్చున్నాకే కష్టమంతా. కథకో వ్యాసానికో వేసినట్టు దీనికి మార్కులు వేస్తే కుదరదు. నేను చాలా ఏళ్లు ఒత్తులు, దీర్ఘాలు సరిచూసి, దస్తూరి బాగుంటే ఒక మార్కు ఎక్కువేసి పక్కన పెట్టేసేదాన్ని. అది తప్పని ఒక గిన్నెడు బొరుగులతో (మరమరాలతో) తెలిసొచ్చింది.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె హైస్కూల్. ఏడో తరగతికి ఉగ్గాని (బొరుగుల ఉప్మా) ఎలా చేయాలో రాయమన్నాను. ఒకమ్మాయి ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా రాసింది: 'బొరుగులను నీళ్లలో నానబెట్టి, పిండి, పోపులో వేసి కలపాలి.' పొయ్యి లేకపోయినా మొదటి పని క్లాసులో చేయొచ్చు కదా అని బొరుగులు, నీళ్లు తెప్పించి, ఇంట్లో ఎప్పుడూ వంట జోలికి పోని ఒక అబ్బాయికి ఆ నోట్‌బుక్ ఇచ్చి, ఇందులో ఉన్నది మాత్రమే చెయ్యి అన్నాను. నానబెట్టమంది, నానబెట్టాడు. పది నిమిషాల తర్వాత చెయ్యి పెట్టి పిండితే వేళ్ల సందుల్లోంచి జావలా కారింది. రాసినమ్మాయి లేచి, 'వేసిన వెంటనే తీసేయాలి మేడం, అది అందరికీ తెలుసు కదా' అంది.

ఆ 'అందరికీ తెలుసు' ఉన్న చోటే మనం వెతకాలి. రాసినవాళ్లకు తెలిసి, కాగితం మీదికి రానిది ఏంటి అన్నదే మొదటి ప్రశ్న.

అందుకని క్లాసులో చేసి చూడగలిగిన పనే ఇవ్వండి. పుస్తకానికి అట్ట వేయడం, నిమ్మకాయ నీళ్లు కలపడం, ఒక సెల్లు, ఒక వైరుతో టార్చి బల్బు వెలిగించడం లాంటివి. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి నోట్‌బుక్కులు మార్పించండి. ఒకరు చదువుతూ చేయాలి, రాసినవాళ్లు నోరు తెరవకూడదు (ఇది వాళ్లకు చాలా కష్టం, మీరు పక్కనే ఉండాలి). చేసేవాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ పెన్సిల్‌తో సున్నా చుట్టాలి. దిద్దే పని సగం అక్కడే అయిపోతుంది. బల్బు విషయంలో దాదాపు ప్రతి నోట్‌బుక్‌లోనూ సున్నా ఒకే చోట పడింది: 'వైరును బల్బుకు తగిలించాలి.' బల్బుకు ఎక్కడ? అడుగున ఉన్న బొడిపెకా, పక్కనున్న లోహపు భాగానికా? ఒకటి సెల్లుకు ఒక కొనకు, ఇంకొకటి రెండో కొనకు కలవకపోతే బల్బు వెలగదు. ఇలాంటి చోట బొమ్మ గీసి భాగాల పేర్లు రాసిన పిల్లలకు మార్కులు ఇవ్వండి, బొమ్మ అందంగా ఉందా లేదా అన్నది వదిలేయండి.

కొలతల దగ్గర కొంచెం చూసి నడవాలి. ఉగ్గానిలో 'తగినంత ఉప్పు' అంటే నేను మార్కు తగ్గించను, మన ఇళ్లలో వంట చెప్పేది అలాగే. కానీ విరేచనాలైనప్పుడు తాగే ఉప్పు చక్కెర నీళ్లకు 'తగినంత' అని రాస్తే ఆ వాక్యానికి సున్నా మార్కులే. శుభ్రమైన లీటరు నీళ్లకు అంచు సమానంగా ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. ఉప్పు ఎక్కువైతే చిన్నపిల్లలకు ప్రమాదం, ఆ సంగతి క్లాసులో చెప్పే తీరాలి.

ఇక భాష. మన పిల్లలు 'పోసి, వేసి, కలిపి, దించి, వంపి' అంటూ ఒకే వాక్యంలో పది పనులు గుచ్చేస్తారు. వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, కానీ చేసేవాళ్లు మధ్యలో ఎక్కడున్నారో మర్చిపోతారు. రెండు మూడు పనులు కాగానే వాక్యం ఆపమనండి. అసమాపక క్రియల పాఠానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు: 'పోసి కలపాలి'కీ 'పోస్తూ కలపాలి'కీ తేడా ఏంటో పిండి ఉండలు కట్టినప్పుడు తెలుస్తుంది. 'గట్టిగా అయితే ఇంకొన్ని నీళ్లు పోయాలి' అని చేదర్థకం ('అయితే' అని షరతు చెప్పే రూపం) వాడిన పిల్లవాడు, పని చెడిపోతే ఏం చేయాలో కూడా ఆలోచించాడన్నమాట, వాడికి ఒక మార్కు ఎక్కువ వేయండి. ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), చెనిక్కాయలు (వేరుశనగలు), చీనీ (బత్తాయి) చెట్లు అని రాస్తే దయచేసి ఎర్ర పెన్నుతో కొట్టేయకండి. అవి ఇక్కడి సరైన పేర్లు.

మార్కులు ఇరవై అనుకుంటే, చదివి పని చేయగలిగారా అన్నదానికే ఎనిమిది. వరసకు నాలుగు, కొలతలకూ పేర్లకూ మూడు, జాగ్రత్తలకు మూడు, అక్షర దోషాలకు రెండే రెండు. ఈ లెక్క రాయకముందే బోర్డు మీద పెట్టండి.

నోట్‌బుక్ మీద 'ఇంకా బాగా రాయాలి' అని రాస్తే పిల్లలకు ఏమీ అర్థం కాదు. 'ఎంతసేపు?', 'ఏ వైపు?', 'దీనికి ముందు ఏం చేయాలి?' అని సున్నా పక్కనే అడగండి, మళ్లీ రాయించండి, రెండోసారి వచ్చిన మార్కులే వేయండి. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు, చీనీ తోట ఉన్న ఇంటి పిల్లవాడు, పగిలిన డ్రిప్ పైపు బాగుచేయడం గురించి రాశాడు. పైపు కోసి జాయినర్ తొడగడం నాకంటే వాడికే బాగా తెలుసు. పక్కన ఒక్కటే రాశాను: 'కోసేటప్పుడు నీళ్లు వస్తుంటాయా?' మరుసటి రోజు మొదటి వాక్యం మారింది: 'ముందు పొడి చేతులతో మోటారు స్టార్టర్ ఆపాలి, పైపులో నీళ్లు పూర్తిగా ఆగేదాకా ఉండాలి.'