చెమటోడ్చిన గుర్రం నీళ్లు ముట్టకపోతే

సమస్య: ఒళ్లంతా తడిసిపోయింది, అయినా బకెట్ వైపు చూడదు.

దాహం లేదేమోలే అని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. మన చెమటలో ఉప్పు తక్కువ, నీళ్లెక్కువ. అందుకే చెమట పట్టేకొద్దీ రక్తంలో ఉప్పు శాతం పెరిగి దాహం వేస్తుంది. గుర్రం చెమట మాత్రం దాదాపు దాని రక్తమంత ఉప్పగా ఉంటుంది. రెండూ కలిసే పోతాయి కాబట్టి ఒంట్లో నీళ్లు తగ్గిన సంగతి మెదడుకు సరిగా అందదు. ఎండలో గట్టిగా పరిగెత్తితే గంటకు 10-15 లీటర్ల చెమట కూడా పోవచ్చు.

పరిష్కారం: మొదటి బకెట్‌లో లీటరుకు 9 గ్రాముల మామూలు ఉప్పు కలిపి పెట్టండి. పక్కనే మంచినీళ్ల బకెట్ తప్పకుండా ఉండాలి. కొన్ని గుర్రాలు ఉప్పు రుచికి మూతి తిప్పేస్తాయి. అందుకే రోజువారీ సాధనలోనే అలవాటు చేయాలి, పందెం రోజున కాదు. వేడి మీదున్న గుర్రానికి నీళ్లిస్తే కడుపునొప్పి వస్తుందన్న భయం అక్కర్లేదు. వెంటనే తాగనివ్వండి.

సమస్య: ఎలక్ట్రోలైట్ పేస్ట్ (చెమటలో పోయిన లవణాలను తిరిగి అందించే ముద్ద) ఇచ్చాక ఇంకా డీలా పడింది.

నీళ్లు తాగని గుర్రానికి చిక్కటి పేస్ట్ ఎక్కిస్తే, అది ఒంట్లో మిగిలిన నీళ్లనే పేగుల్లోకి లాగుతుంది. తాగడం మొదలుపెట్టాకే పేస్ట్ ఇవ్వాలి, లేదా బాగా తడిపిన దాణాలో కలపాలి.

డబ్బా కొనేటప్పుడు వెనక చదవండి. సోడియం క్లోరైడ్, అంటే మామూలు ఉప్పు, ముందుండాలి, తర్వాత పొటాషియం క్లోరైడ్. చక్కెరే ముందుంటే అది మిఠాయి కిందే లెక్క. మనుషుల ఓఆర్‌ఎస్ కూడా దీనికి చాలదు: లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములే. పొటాషియం మంచి గడ్డి నుంచి బాగానే అందుతుంది. మేతలో దొరకనిది ఉప్పే. పని లేని రోజుల్లోనూ 500 కిలోల గుర్రానికి దాణాలో 25-30 గ్రాములు వేయాలి.

సమస్య: గుండె కొట్టుకున్నప్పుడల్లా డొక్క ఎగురుతోంది.

రక్తంలో కాల్షియం, క్లోరైడ్ లాంటివి పడిపోయినప్పుడు ఇలా అవుతుంది. ఇక ఇంటి వైద్యం వద్దు, పని ఆపేసి పశువైద్యుణ్ణి పిలవండి. మూత్రం కాఫీ రంగులో వచ్చినా, అరగంట విశ్రాంతి తర్వాత కూడా నాడి నిమిషానికి 60 దాటే ఉన్నా అంతే. డాక్టర్ వచ్చేలోగా నీడలో నిలబెట్టి, ఒంటిమీద చల్లటి నీళ్లు ఆపకుండా పోస్తూ ఉండండి.